చిలుక పిల్లను తెచ్చే ముందు

(మాదాపూర్ దగ్గర ఒక బస్తీలో, కొత్తగా చదువు నేర్చుకున్న అక్కచెల్లెళ్లతో చెప్పిన మాటలు)



పోయిన వారం చదువు అయిపోయాక మీలో ఒక అక్క నన్ను ఆపింది. "మేడం, మా బిడ్డ చిలుక కావాలని ఒకటే ఏడుపు. చిన్న పిల్లను తెస్తే ఇంట్లో ఏమేం పెట్టాలె?" అని అడిగింది. పక్కనున్న ఇద్దరు నవ్వారు. కానీ ఆ అక్క మంచి ప్రశ్న అడిగింది. చాలామంది తెచ్చాక అడుగుతారు. ఈమె తేకముందే అడిగింది. అందుకే ఇవాళ పాఠం పక్కన పెట్టి దీని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. ఏ చిలుక?

చిలుక అనగానే మనకు గుర్తొచ్చేది రామచిలుక. ఒళ్లంతా పచ్చన. ముక్కు ఎర్రన. తోక పొడుగు. మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగు గీత ఉంటుంది. ఆ గీత మగదానికే ఉంటుంది. అది కూడా రెండు మూడేళ్ల వయసు వచ్చాకే కనిపిస్తుంది. పొద్దున మీరు పనికి పోయేటప్పుడు కీ కీ మంటూ గుంపులు గుంపులుగా పోయేవి ఇవే. కొండాపూర్ బొటానికల్ గార్డెన్ వైపు, యూనివర్సిటీ చెట్ల వైపు చూడండి. సాయంత్రం పూట బోలెడు కనిపిస్తాయి.

ఈ రామచిలుకను ఇంట్లో పెంచకూడదు. కొనకూడదు. అమ్మకూడదు. పట్టకూడదు. ఇది నా మాట కాదు, చట్టం మాట. 1972లో మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1990-91లో మన దేశపు అడవి పక్షుల వ్యాపారాన్ని నిషేధించారు. 2022లో చట్టాన్ని ఇంకా మార్చారు. ఇప్పుడు తప్పు చేస్తే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. లక్ష రూపాయల దాకా జరిమానా కూడా పడొచ్చు.

"అందరూ పెంచుతున్నారు కదా మేడం, మా అమ్మమ్మ ఇంట్లో కూడా ఉండేది" అంటారు మీరు. నిజమే. వాకిట్లో పంజరం, పంజరంలో చిలుక, దానికో జామపండు. మనలో చాలామంది చూశాం. అమ్మమ్మకు చట్టం సంగతి చెప్పినవాళ్లు లేరు. మనకు ఇప్పుడు తెలిసింది.

ఆ పిల్ల బజారుకు ఎట్లా వస్తుందో కూడా చెప్తాను. రామచిలుక కొమ్మల మీద గూడు కట్టదు. పుల్లలు ఏరదు. పాత చెట్టుకు తొర్ర ఉంటే అందులో గుడ్లు పెడుతుంది. సంక్రాంతి దాటాక వాటికి కాన్పుల కాలం. మూడో నాలుగో గుడ్లు పెడుతుంది. దాదాపు మూడు వారాలు పొదుగుతుంది. పుట్టిన పిల్లకు ఒంటి మీద ఈక ఉండదు. కళ్లు తెరవదు. తల్లీ తండ్రీ మేత తెచ్చి నోట్లో పెడతాయి. తొర్ర వదిలి ఎగరడానికి ఆరేడు వారాలు పడుతుంది. ఈ లోపలే దొంగలు చెట్టెక్కుతారు. చెయ్యి పట్టకపోతే తొర్రను గొడ్డలితో వెడల్పు చేస్తారు. పిల్లల్ని బుట్టలో కుక్కి పట్నం తెస్తారు. దారిలోనే కొన్ని చచ్చిపోతాయి. మనం చూసేది మిగిలినదాన్ని. మనం డబ్బులిచ్చేది ఆ మిగిలినదానికి. తొర్ర పాడైంది కాబట్టి మరుసటి ఏడు ఆ చెట్టులో ఇంకో జంట కూడా గుడ్లు పెట్టలేదు.

మనం చిలకా గోరింకా అని ఆలుమగల్ని ఊరికే అంటాం గానీ, నిజానికి ఆ రెండిటికీ పడదు. గోరింకకు కూడా తొర్రే కావాలి. ఒకే తొర్ర కోసం రెండూ కొట్టుకుంటాయి. పాత చెట్లు తక్కువైతే ఆ కొట్లాట ఎక్కువవుతుంది.

మన దగ్గర పాత చెట్లు ఎట్లా తగ్గాయో మీకు చెప్పనక్కర్లేదు. 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. అంతకు ముందు ఇక్కడ పెద్ద పెద్ద రాళ్లు, పొదలు, చెట్లు, చెరువులు. మీలో పెద్దవాళ్లు కొందరు ఆ కట్టడాల్లో ఇటుకలు మోసినవాళ్లే. 2025లో కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టేస్తుంటే యూనివర్సిటీ పిల్లలు అడ్డం పోయారు. ఏప్రిల్ నెలలో సుప్రీంకోర్టు ఆ పని ఆపమంది. ఆ సంగతి మీరు టీవీలో చూసే ఉంటారు. ఆ చెట్లలో ఉండేది మనం చెప్పుకుంటున్న ఇలాంటి పక్షులే.

ఇక్కడికి దగ్గరే గోల్కొండ కోట ఉంది. అందులో రామదాసు బందీఖానా చూశారా? భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా పన్నెండేళ్లు బంధించాడని చెప్తారు. అంత భక్తుడికి అన్ని కష్టాలెందుకు వచ్చాయని అడిగితే పెద్దవాళ్లు ఒక కథ చెప్తారు. పోయిన జన్మలో ఆయన ఒక చిలుకను పంజరంలో పెట్టాడట. అందుకే ఈ జన్మలో తానూ అన్నేళ్లు బందీ అయ్యాడట. కథ నిజమో కాదో మనకెందుకు. పంజరం అంటే జైలే అని మన ముసలమ్మలకు ఎప్పుడో తెలుసు. చట్టం తర్వాత వచ్చింది.

సరే, బిడ్డ ఏడుపు మాటేమిటి?

చట్టం ఒప్పుకునే పక్షులు కొన్ని ఉన్నాయి. బజారులో లవ్ బర్డ్స్ అని అమ్ముతారే, చిన్నగా, పచ్చగా, పసుపుగా, నీలంగా ఉంటాయి. వాటి అసలు పేరు బడ్జీ. అవి కూడా చిలుక జాతే. వాటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఇక్కడ అమ్మేవి తరతరాలుగా పంజరాల్లోనే పుట్టినవి. వీటిని బయట వదిలితే బతకవు. కాకులు, గద్దలు పట్టుకుపోతాయి. వీటిని పెంచుకోవడానికి మనకు అనుమతి కాగితాలు అక్కర్లేదు. నన్ను అడిగితే బిడ్డను పార్కుకు తీసుకుపోయి ఎగిరే చిలుకల్నే చూపిస్తాను. అయినా తేవాలనుకుంటే బడ్జీలనే తెండి. ఒక్కటి తేకండి, జంట తెండి. మీరు పొద్దున ఆరింటికి పోయి సాయంత్రం వస్తారు. ఒంటరి పక్షి దిగులుతో ఈకలు పీక్కుంటుంది.

మరీ పసిపిల్లను కొనకండి. "గంజి నోట్లో పోస్తే చాలు, మీకు బాగా మాలిమి అవుతుంది" అని అమ్మేవాళ్లు చెప్తారు. నమ్మకండి. ఆ పనికి చెయ్యి తిరగాలి. కొంచెం తప్పితే గంజి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్షి చచ్చిపోతుంది. తనంత తాను గింజ ఒలిచి తినే పిల్లనే తీసుకోండి. అంటే ఆరు వారాలు దాటి ఉండాలి. బడ్జీ పిల్లను గుర్తుపట్టడం తేలిక. నుదుటి మీద ముక్కు దాకా సన్నని చారలు ఉంటాయి. కళ్లు మొత్తం నల్లగా ఉంటాయి. మూడు నాలుగు నెలలకు ఆ చారలు పోతాయి. దుకాణంలో నిలబడి కాసేపు చూడండి. ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చున్నది వద్దు. ముక్కు కారేది, వెనక రెట్ట అంటుకుని ఉన్నది వద్దు. జాలిపడి జబ్బు పక్షిని తేకండి. రసీదు అడగండి. రసీదులో పక్షి పేరు ఏం రాశారో చదవండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు కదా. వేలిముద్ర రోజులు పోయాయి. కొన్నిటి కాలికి సన్నని ఉంగరం ఉంటుంది. దాని మీద అంకెలుంటాయి. పుట్టిన ఏడు అందులో ఉంటుంది. ఆ ఉంగరం పుట్టిన కొద్ది రోజుల్లోనే తొడుగుతారు. తర్వాత కాలు లావై అది పట్టదు. కాబట్టి ఉంగరం ఉన్న పక్షి మనుషుల దగ్గరే పుట్టిందని గుర్తు.

ఇక ఇల్లు. మన ఇళ్లు చాలావరకు ఒకటే గది. అందులోనే వంట, అందులోనే పడక, అందులోనే దేవుడు. పక్షికి అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పొగ. దాని ఊపిరితిత్తులు మనలాంటివి కావు. మనకు ఏమీ కాని పొగ దాన్ని చంపుతుంది. దోమల కాయిల్, అగరబత్తి, సాంబ్రాణి, బీడీ, సెంటు, పురుగుల స్ప్రే, ఇవన్నీ దానికి విషమే. నాన్‌స్టిక్ పెనం మరీ వేడెక్కితే దాని మీది పూత నుంచి ఒక ఆవిరి లేస్తుంది. మనకు వాసన కూడా సరిగ్గా తెలియదు. పక్షి మాత్రం కాసేపట్లోనే పడిపోతుంది. కాబట్టి వంట చేసే చోట పంజరం పెట్టొద్దు. గది ఒకటే అయితే కిటికీ దగ్గర, పొయ్యికి దూరంగా పెట్టండి. దోమలకు కాయిల్ బదులు దోమతెర కట్టండి. పిల్లలకూ అదే మంచిది.

రెండోది ఎండ. మన రేకుల గదులు మే నెలలో ఎట్లా ఉంటాయో మీకు నాకన్నా బాగా తెలుసు. పక్షికి చెమట పట్టదు. వేడెక్కితే నోరు తెరిచి రొప్పుతుంది. రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుంటుంది. ఇంట్లో మనిషి లేకపోతే ఆ స్థితిలో దాన్ని చూసేదెవరు? మీ ఇల్లు రేకులదైతే, పగలు తాళం వేసి ఉంటుందంటే, పక్షిని తేవొద్దని నా గట్టి మాట. బిడ్డ నాలుగు రోజులు ఏడుస్తుంది. ఏడవనివ్వండి.

పంజరం గుండ్రంగా, ఎత్తుగా, ముద్దుగా ఉండేది కొనకండి. పక్షి పైకీ కిందికీ లిఫ్టులో పోయినట్టు పోదు. అడ్డంగా ఎగురుతుంది. జంటకు రెండున్నర అడుగుల పొడవైనా ఉండాలి. తీగల సందులో మీ చిటికెన వేలు కూడా దూరకూడదు. తుప్పు పట్టిన తీగ, రంగు ఊడే తీగ వద్దు. అవి ముక్కుతో కొరుకుతూనే ఉంటాయి, కడుపులోకి పోతుంది. లోపల నున్నటి ప్లాస్టిక్ కర్ర తీసేసి వేప పుల్ల, జామ పుల్ల కడిగి పెట్టండి. లావు సన్నం కలిసి ఉంటే కాళ్లకు మంచిది. పంజరాన్ని గోడకు ఆనించి, మీ కళ్ల ఎత్తులో పెట్టండి. నేల మీద పెడితే పిల్లి, ఎలుక వదలవు. వదిలినప్పుడు ఫ్యాను ఆపండి. అద్దం మీద గుడ్డ కప్పండి. నీళ్ల డ్రమ్ము, బకెట్టు మూత వెయ్యండి. చాలా పక్షులు ఈ మూడిట్లోనే పోతాయి.

మేతకు పెద్ద ఖర్చు లేదు. కొర్రలు, వరిగలు. కొత్తిమీర, పాలకూర బాగా కడిగి పెట్టండి. మొదటి వారం మాత్రం దుకాణంలో ఏం పెట్టారో అదే పెట్టండి. ఒక్కసారిగా మార్చితే తినడం మానేస్తుంది. పాలలో నానేసిన రొట్టె పెట్టే అలవాటు మనలో ఉంది. అది మానండి. పక్షికి పాలు అరగవు. ఉప్పు, చాయ్, చాక్లెట్, నూనెలో వేయించినవి వద్దు. మీరు పనిచేసే ఫ్లాట్లలో అవకాడో అనే పండు తింటుంటారు చూడండి, అది పక్షికి విషం. మిరపకాయ మాత్రం పెట్టొచ్చు. పక్షికి కారం తెలియదు. మనం కళ్ల నీళ్లు పెట్టుకునే మిరపకాయను చిలుక హాయిగా కొరికేది అందుకే.

తెచ్చిన రోజు చుట్టుపక్కల పిల్లలందరినీ పిలిచి చూపించకండి. రెండు మూడు రోజులు దాని మానాన దాన్ని వదిలెయ్యండి. చెయ్యి పెట్టకండి. రాత్రి దానికి పది పన్నెండు గంటల నిద్ర కావాలి. పంజరం మీద పలుచని నూలు గుడ్డ కప్పి, టీవీ శబ్దం తగ్గించండి. దీపావళి రాత్రి కిటికీ మూసి దగ్గర కూర్చోండి.

ఇప్పుడు మీలో ఫ్లాట్లలో పనిచేసే అక్కల కోసం ఒక సంగతి. అక్కడ పెద్ద చిలుకలు చూసి ఉంటారు. నీలం పసుపు రంగులది మకావ్, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. బూడిద రంగు ఒళ్లు, ఎర్ర తోక ఉన్నది ఆఫ్రికా చిలుక. ఇలాంటివి ఉన్నవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలని 2024లో నియమాలు వచ్చాయి. అది యజమాని పని, మీది కాదు. కానీ పంజరం కడిగేది మీరు. అందుకే చెప్తున్నాను. ఎండిన రెట్టను పొడిగా ఊడ్వకండి. దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. దాంతో సిట్టకోసిస్ అనే జబ్బు రావచ్చు. చిలుక జ్వరం అనుకోండి. జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు వస్తాయి. ముదిరితే ఊపిరితిత్తులు చెడతాయి. ముందు నీళ్లు చల్లి తడిపి, తర్వాత తుడవండి. మూతికి గుడ్డ కట్టుకోండి. చేతులు సబ్బుతో కడగండి. కడుపుతో ఉన్నవాళ్లు ఆ పని చెయ్యకండి. చెయ్యనని చెప్పడానికి జంకకండి. దగ్గు జ్వరం వచ్చి డాక్టరు దగ్గరికి పోతే "పక్షుల పంజరం కడుగుతాను" అని నోరు తెరిచి చెప్పండి. మనం చెప్పకపోతే డాక్టరుకు ఆ అనుమానం రాదు. తెలిస్తే దీనికి మందులున్నాయి, తగ్గుతుంది. ఇంట్లో బడ్జీలున్నా ఇదే పద్ధతి.

ఒక చెల్లి అడుగుతోంది. "చెట్టు కింద రామచిలుక పిల్ల పడి ఉంటే? వదిలేస్తే కుక్క తింటది కదా?"

వదిలెయ్యమని నేనెందుకు అంటాను? చూడండి. ఈకలు వచ్చి గెంతుతున్న పిల్లయితే అది ఎగరడం నేర్చుకుంటోంది. తల్లి దగ్గర్లోనే ఉంటుంది. కుక్కకు, పిల్లికి అందని కొమ్మ మీద పెట్టి దూరంగా నిలబడి చూడండి. ఈకలు లేని పసిది అయితే, తొర్ర అందితే తిరిగి అందులో పెట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి రానివ్వదని అంటారు. అది అబద్ధం. తల్లి చేరదీస్తుంది. తొర్ర అందకపోతే, దెబ్బ తగిలితే, అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, గుడ్డ పరిచి అందులో ఉంచండి. వెచ్చగా, చీకటిగా ఉండాలి. నోట్లో నీళ్లు పొయ్యకండి. అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. జూబ్లీహిల్స్‌లో బ్లూక్రాస్ వాళ్లున్నారు. 1992 నుంచి దెబ్బ తగిలిన జంతువుల్ని చూస్తున్నారు. నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది.

ఇప్పటికే ఇంట్లో రామచిలుక ఉన్నవాళ్లు ఒక పని చెయ్యకండి. నా మాట విని ఇంటికి పోయి పంజరం తలుపు తెరవకండి. రెక్కలు కత్తిరించిన పక్షి ఎగరలేదు. చిన్నప్పటి నుంచి గిన్నెలో తిన్న పక్షికి మేత వెతుక్కోవడం రాదు. చిలక జోస్యం చెప్పేవాళ్ల దగ్గర ఉండేది కూడా ఇలాంటిదే. దాన్ని అటవీ శాఖ వాళ్లకు అప్పగించాలి. ఎగరగలిగేదాన్ని వాళ్లు మెల్లగా అలవాటు చేసి వదులుతారు.

ఇక ఆ అక్క బిడ్డకు. డాబా మీదో, కిటికీ చువ్వల పక్కనో ఒక వెడల్పాటి మట్టి మూకుడు పెట్టండి. నీళ్లు రెండు వేళ్ల లోతు చాలు. పిల్ల పక్షులు మునగకుండా మధ్యలో ఒక రాయి పెట్టండి. పక్కన జామముక్క, రెండు పచ్చి మిరపకాయలు పెట్టండి. మొదట పిచ్చుకో పావురమో వస్తుంది. చిలుకకు మనమంటే భయం. పది పదిహేను రోజులు పట్టొచ్చు. బిడ్డను ఒక పాత నోటుపుస్తకంలో ఏ రోజు ఏ పక్షి వచ్చిందో రాయమనండి. రాసింది మీరు చదవండి. మూకుడులో నీళ్లు మాత్రం రోజూ పారబోసి, పీచుతో రుద్ది, కొత్తవి పోయండి. వారం నిలవ ఉంటే దోమలు గుడ్లు పెడతాయి.